చక్రాల మీది ఇంట్లో కాపురం

అమెరికాలో ఇండియానా రాష్ట్రపు ఉత్తర కొసన ఎల్క్‌హార్ట్ అని ఒక చిన్న పట్నం ఉంది. ఈ దేశపు రోడ్ల మీద కనిపించే మోటార్‌హోముల్లోనూ, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ట్రైలర్లలోనూ ఎక్కువ భాగం ఆ ఊళ్ళోనో, చుట్టుపక్కల ఊళ్ళలోనో తయారైనవే. వాటిని కట్టే పనివాళ్ళలో ఆమిష్ మతస్థులు చాలామంది. వాళ్ళు సొంతంగా కారు నడపరు, ఇంట్లోకి కరెంటు తీగ రానివ్వరు, గుర్రబ్బగ్గీల్లో తిరుగుతారు. అలాంటివాళ్ళు తెల్లవారకముందే ఫ్యాక్టరీకి వచ్చి ఏసీ, ఫ్రిజ్, మైక్రోవేవ్, టీవీ బిగించిన చక్రాల ఇళ్ళు కట్టి పంపుతుంటారు. మొన్న మే నెలలో మా బండి తెచ్చుకోవడానికి నేనూ మా వారూ మిషిగన్ నుంచి ఆ ప్రాంతానికే వెళ్ళాం.

మాది తెనాలి. డెట్రాయిట్ దగ్గర ఒక ఆసుపత్రి ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా వారు ఇంజనీరుగా చేసి నాకంటే ముందే ఉద్యోగం మానేశారు. పిల్లలు ఎవరి సంసారాలు వాళ్ళు చేసుకుంటున్నారు. నాలుగు పడగ్గదుల ఇల్లు ఇద్దరికి ఎక్కువైపోయింది. అమ్మేసి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు ఊళ్ళు చూస్తూ బతుకుదామని ఇద్దరం కలిసే అనుకున్నాం. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి బంధువులూ స్నేహితులూ అడిగేవన్నీ ఊళ్ళ గురించే. ఏ పార్కులు చూస్తారు, అలాస్కా వెళ్తారా అని. బండి ఎలా చూసి తెచ్చుకున్నారు, అందులో ఎలా సర్దుకున్నారు అని అడిగినవాళ్ళు తక్కువ. నాకు చెప్పాలనిపించేది మాత్రం అదే. ఈ బతుకు హాయిగా సాగుతుందా, మొదటి నెలలోనే విసుగెత్తిపోతుందా అన్నది చాలావరకు బండి చేతికొచ్చిన రోజునే తేలిపోతుంది.

మన దగ్గర క్యారవాన్ అనగానే షూటింగులో హీరోలు విశ్రాంతి తీసుకునే ఏసీ బండి గుర్తొస్తుంది. 2021లో కేరళ ప్రభుత్వం క్యారవాన్ పర్యాటకానికంటూ ఒక విధానం తెచ్చాక సెలవులకి అద్దెకు తీసుకునే బండిగానూ కొందరికి తెలిసింది. అమెరికాలో ఇది మధ్యతరగతి కుటుంబాల బండి. అయోవా రాష్ట్రంలో ఫారెస్ట్ సిటీ అనే ఊళ్ళో విన్నెబాగో కంపెనీ 1966లో మోటార్‌హోముల తయారీ మొదలుపెట్టాక అది మామూలు జీతగాళ్ళకూ అందుబాటులోకి వచ్చింది.

వీటిలో మూడు రకాలు. ముందు నుంచి వెనకదాకా బస్సు ఆకారంలో ఉండేది క్లాస్ ఎ. సరుకులు మోసే వ్యానునే లోపల ఇల్లుగా మార్చినది క్లాస్ బి. ట్రక్కు లేదా వ్యాను ముందుభాగాన్ని అలాగే ఉంచి, వెనక ఇల్లు కట్టి, డ్రైవరు నెత్తిన కూడా ఒక పడక అమర్చినది క్లాస్ సి. మాది క్లాస్ సి. పొడవు 27 అడుగులు, ఫోర్డ్ ఈ-450 చట్రం మీద కట్టింది. బండీ, మనుషులు, సామాన్లు, నీళ్ళు అన్నీ కలిపి 14,500 పౌండ్లు, అంటే సుమారు 6,580 కిలోలు దాటకూడదు. 26,000 పౌండ్ల లోపు మోటార్‌హోముకి చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సే చాలు. ఇంత బండిని ఏ శిక్షణా లేకుండా రోడ్డెక్కించనివ్వడం నాకు నచ్చదు. ఆ సంగతి మళ్ళీ చెప్తాను.

కొత్త బండే కదా, చూసేదేముంది అనుకుంటారు చాలామంది. ఇది గంటకి 60 మైళ్ళ వేగంతో గతుకుల మీద పరిగెత్తే ఇల్లు. ప్రతి స్క్రూ, ప్రతి గొట్టం అతుకు, ప్రతి తలుపు బందు రోజూ కుదుపులు తింటుంది. పైగా దీన్ని చేసినవాళ్ళు ఒక్కరు కాదు. ఇంజనూ చట్రమూ ఒకరివి, గోడలూ పైకప్పూ ఇంకొకరివి, పొయ్యి, ఫ్రిజ్, వేడినీళ్ళ ట్యాంకు, ఏసీ, జెనరేటరు తలా ఒక కంపెనీవి. వారంటీలూ అలాగే ముక్కలుముక్కలుగా ఉంటాయి. ఇంటి భాగానికి ఎక్కువగా ఏడాదే ఇస్తారు. లోపాలున్న కొత్త వాహనం అంటగడితే కొన్నవాళ్ళని ఆదుకునే చట్టాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం. కొన్నిచోట్ల అవి మోటార్‌హోములో నడిచే భాగానికే వర్తిస్తాయి తప్ప కాపురముండే భాగానికి వర్తించవు. కాబట్టి సంతకం పెట్టి గేటు దాటకముందు మన మాటకున్న విలువ, దాటాక ఉండదు.

ల్యాబులో కొత్త యంత్రం దిగితే, ఫలితం ముందే తెలిసిన నమూనాలు అందులో పెట్టి నడిపించి, అంకెలు సరిపోయాకే అందినట్టు సంతకం చేసేవాళ్ళం. అమ్మినవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా ఆ పద్ధతి మారేది కాదు. బండికీ అదే పద్ధతి అన్నాను నేను. అమ్మకందారు మాకు పొద్దున రెండు గంటలు కేటాయించారు. మాకు రోజంతా కావాలని ముందే ఫోన్లో అడిగి ఒప్పించాను. నీళ్ళు, కరెంటు, గ్యాసు మూడూ తగిలించి ఉంచమన్నాను. కాగితాల గదిలోకి సాయంత్రమే వస్తామని చెప్పాను. వాళ్ళు మొహం చిట్లించుకోలేదు. అడిగేవాళ్ళు తక్కువ గనక చెయ్యరు గానీ, అడిగితే కాదనరు.

ముందు నిచ్చెన వేసి పైకెక్కాం. చక్రాల ఇంటికి మొదటి శత్రువు వాన. పైకప్పు మీద పరిచిన పొరకి ఏసీ దగ్గర, గాలి మూతల దగ్గర, అంచుల్లో జిగురు పూస్తారు. అది ఎక్కడ విడినా నీళ్ళు గోడల్లోకి దిగి చెక్క కుళ్ళిపోతుంది. బయటికి తెలిసేసరికి చాలా ఆలస్యమవుతుంది. తరవాత బయటి గోడలు అరచేత్తో నిమిరి ఉబ్బులున్నాయేమో చూశాం. టైర్ల పక్కన అచ్చుపోసిన నంబరులో చివరి నాలుగంకెలు ఆ టైరు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెప్తాయి. బండి కొత్తదైనా టైర్లు ఎప్పటివో అక్కడే తెలుస్తుంది. లోపల ప్రతి సొరుగూ లాగాం, ప్రతి కిటికీ తెరిచి మూశాం, ప్రతి స్విచ్చీ వేశాం. మంచం ఉన్న వైపు గోడ మీట నొక్కితే బయటికి జరిగి గది పెద్దదవుతుంది. దాన్ని స్లయిడ్ అంటారు. అది జరుగుతున్నంతసేపూ ఒకళ్ళం లోపల, ఒకళ్ళం బయట నిలబడి చూశాం.

కొన్ని లోపాలు దొరికాయి. వంటింటి సింకు కింద అతుకు దగ్గర నీటిబొట్టు కారుతోంది. ఒక కిటికీ గొళ్ళెం పడటం లేదు. బాత్రూమ్ తలుపు చట్రానికి ఒరుసుకుంటోంది. స్లయిడ్ రబ్బరు అంచు ఒకచోట మడతపడి ఉంది. ఇవేవీ ప్రాణాంతకాలు కావు. సింకు కింద ఆ బొట్టు మాత్రం నెలరోజులు కారితే అడుగున చెక్కంతా నానిపోయేది. మూడు అక్కడికక్కడే బాగుచేశారు. గొళ్ళానికి సామాను తెప్పించాలన్నారు. ఏది చెయ్యాల్సి ఉందో, ఎప్పటికి చేస్తారో రాయించుకుని ఆ కాగితం మీద వాళ్ళ సంతకం తీసుకున్నాకే మా సంతకం పెట్టాం.

బండి వివరాలు చెప్పడానికి వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడే, పని తెలిసినవాడే. కానీ మొదటి అరగంటా అతని మాటలన్నీ మా వారితోనే. ఫ్యూజుల పెట్టె ఆయనకి చూపించాడు, గ్యాసు కవాటం ఆయనకి చూపించాడు. మైక్రోవేవ్ దగ్గరికి వచ్చాక నా వైపు తిరిగాడు. ఇద్దరికీ కలిపి మళ్ళీ మొదట్నుంచి చెప్పమని అడిగాను. మీరు చెయ్యొద్దు, మేం చేస్తాం, తప్పయితే చెప్పండి అన్నాను. ఆ తరవాత ప్రతి పనీ ఒకసారి మా వారి చేత్తో, ఒకసారి నా చేత్తో జరిగింది. ఆ రోజు జరిగిన వాటిలో నేను అన్నిటికంటే ముఖ్యమైనదిగా లెక్కపెట్టేది ఇదే.

ఇక నీళ్ళు. మంచినీళ్ళ ట్యాంకులో 44 గ్యాలన్లు, సుమారు 166 లీటర్లు పడతాయి. సింకు నీళ్ళూ స్నానం నీళ్ళూ చేరేదాన్ని గ్రే ట్యాంకు అంటారు, టాయిలెట్‌దాన్ని బ్లాక్ ట్యాంకు అంటారు. క్యాంపుగ్రౌండులో కుళాయి ఉంటే గొట్టం తగిలించి నేరుగా వాడుకోవచ్చు. అయితే మధ్యలో ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరు పెట్టి తీరాలి. కొన్నిచోట్ల కుళాయి ధాటికి బండిలోని ప్లాస్టిక్ గొట్టాలు అతుకుల దగ్గర ఊడిపోతాయి. తోటకి వాడే పచ్చగొట్టం పనికిరాదు, తాగేనీటికని విడిగా అమ్మేది కొనాలి. కొత్త ట్యాంకుని వాడకముందు శుభ్రం చెయ్యాలి. 15 గ్యాలన్లకి పావు కప్పు లెక్కన వాసన కలపని మామూలు బ్లీచ్ నీళ్ళలో కలిపి ట్యాంకు నింపి, బ్లీచ్ వాసన వచ్చేదాకా ప్రతి కుళాయీ విప్పి, రాత్రంతా అలాగే ఉంచి, మర్నాడు వాసన పోయేవరకూ మంచినీళ్ళతో కడగాలి. వేడినీళ్ళ ట్యాంకు నిండిందని వేడి కుళాయిలోంచి నీళ్ళు వచ్చి రుజువయ్యాకే దాని కరెంటు స్విచ్చి వెయ్యాలి. ఖాళీ ట్యాంకులో వేస్తే లోపలి కాయిల్ క్షణాల్లో మాడిపోతుంది. చలికాలంలో బండి తీసుకునేవాళ్ళకి ఇంకో సంగతి. గొట్టాలు గడ్డకట్టి పగలకుండా గులాబిరంగు యాంటీఫ్రీజ్ పోసి ఉంచుతారు. అదంతా పోయేదాకా నీళ్ళు వదలాలి.

బ్లాక్ ట్యాంకు గురించి మాట్లాడ్డానికి మనవాళ్ళు మొహమాటపడతారు. అసలు కష్టాలన్నీ ఆ మొహమాటంలోంచే వస్తాయి. నేర్చుకుంటే పది నిమిషాల పని అది. వాడకం మొదలుపెట్టేముందే ట్యాంకులో కాసిని నీళ్ళు పొయ్యాలి. క్యాంపుగ్రౌండులో మురుగు గొట్టం తగిలించి ఉన్నా సరే, బ్లాక్ ట్యాంకు కవాటం మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే నీరంతా పోయి గట్టిపదార్థం అడుగున పేరుకుపోతుంది. ట్యాంకు చాలావరకు నిండాక చేతులకి తొడుగులు వేసుకుని, ముందు బ్లాక్ ట్యాంకు వదలాలి, తరవాత గ్రే ట్యాంకు వదలాలి. సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. ఈ ట్యాంకుకి కావలసింది కాగితం తక్కువ, నీళ్ళు ఎక్కువ. నీళ్ళు వాడే మన అలవాటు ఇక్కడ చక్కగా కలిసొస్తుంది. గ్రే ట్యాంకుకి మాత్రం మన వంట పడదు. ఇంగువ నూనె, పప్పు అడుగు, పోపుగింజలు సింకులో పోతే వేసవిలో వాసన భరించలేం. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి, ఆ కాగితం చెత్తలో వేసి, అప్పుడు కడుగుతాను.

కరెంటు లెక్క సూటిగా ఉంటుంది. మా బండి 30 ఆంపియర్లది. ఇక్కడి 120 వోల్టులతో గుణిస్తే 3,600 వాట్లు. ఏసీకి సుమారు 1,500, వేడినీళ్ళ కాయిల్‌కి 1,440, మైక్రోవేవ్‌కి ఇంకో 1,500. మూడూ ఒకేసారి వేస్తే స్విచ్చి పడిపోతుంది. వేసవి మధ్యాహ్నం ఏసీ నడుస్తుండగా అన్నం కుక్కరు పెట్టాలంటే వేడినీళ్ళ స్విచ్చి తియ్యాలి. మొదట్లో ఇది చికాకుగానే ఉంటుంది. కొన్నాళ్ళకి చెయ్యి దానంతటదే ఆ స్విచ్చి మీదకి పోతుంది. ఊరి బయట కరెంటు లేనిచోట ఆగితే బ్యాటరీ, జెనరేటరు, కప్పు మీది సోలార్ పలకలే దిక్కు. క్యాంపుగ్రౌండు స్తంభానికి తీగ తగిలించేముందు ఆ స్తంభంలో వైర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పి, వోల్టేజి అటూ ఇటూ అయితే కరెంటు ఆపేసే పరికరం ఒకటి కొనుక్కోవడం మంచిది. బండి ధరతో పోలిస్తే దాని ఖరీదు ఏపాటిది? ఇండియా నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల మిక్సీ ఇక్కడ పనిచెయ్యదు. 110 వోల్టులకి చేసినది ఇక్కడి ఇండియన్ దుకాణాల్లో దొరుకుతుంది.

గ్యాసు విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. మన సిలిండర్లలో ప్రొపేన్, బ్యుటేన్ కలిసి ఉంటాయి. బ్యుటేన్ నీరు గడ్డకట్టే చలిలో ఆవిరి కాదు కాబట్టి ఇక్కడ ప్రొపేనే వాడతారు. అది సున్నాకి 42 డిగ్రీలు దిగువన కూడా ఆవిరవుతుంది. వేడికి వ్యాకోచించడానికి చోటు ఉండాలని ట్యాంకుని 80 శాతమే నింపుతారు. ప్రొపేన్ గాలికంటే బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది. అందుకే దాన్ని పసిగట్టి మోగే పరికరం పాదాల ఎత్తులో గోడకి ఉంటుంది. పక్కనే చెప్పులు, బియ్యం సంచీ పెట్టి దాన్ని మూసెయ్యకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి ఇంకో పరికరం ఉంటుంది. ఆ వాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. చలిగా ఉందని పొయ్యి వెలిగించుకుని పడుకుంటే తెల్లారి లేవకపోవచ్చు. ఆసుపత్రిలో పనిచేసినదాన్ని గనక ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే అనిపిస్తుంది. వంట చేసేటప్పుడు కప్పు మీది గాలి మూత గానీ కిటికీ గానీ తెరిచి ఉండాలి. పొయ్యి పైన పొగలాగే ఫ్యాను తాలూకు రేకు మూత ప్రయాణంలో కొట్టుకోకుండా బండి బయట గొళ్ళెం వేసి ఉంటుంది. అది తియ్యకుండా లోపల ఫ్యాను ఎంతసేపు తిప్పినా మిరపకాయల ఘాటంతా మన గదిలోనే తిరుగుతుంది.

కొత్త ఇంట్లో పాలు పొంగించడం మన ఆచారం. నేనూ పొంగించాను. అంతకుముందు సబ్బునీళ్ళతో గ్యాసు అతుకులన్నీ తడిపి బుడగలు వస్తున్నాయేమో చూశాం. రెండు పరికరాల బొత్తాలు నొక్కి మోగించాం. బండి నాలుగు మూలలా మట్టంగా ఉందో లేదో చూశాం. మట్టంగా లేకపోతే గిన్నె ఒకవైపు ఒరుగుతుంది, స్నానం నీళ్ళు కాలువకి పోకుండా మూలన నిలుస్తాయి. అప్పుడు పసుపుకుంకాలు పెట్టి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, పొయ్యి వెలిగించాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు మా వారు. తెనాలి నుంచి మా తమ్ముడు వీడియోలో చూస్తూ, "అక్కా, వాస్తు ఎలా చూస్తావే, రోజుకో దిక్కు తిరుగుతుంది కదా" అన్నాడు. పాలు పొంగిన దిక్కు తూర్పేనని చెప్పాను. ఆ సాయంత్రం తూర్పుకే ఉంది మా పొయ్యి.

సామాను సర్దడం దగ్గరికి వస్తే అసలు పరీక్ష మొదలవుతుంది. ప్రతి మోటార్‌హోములో తలుపు దగ్గర ఒక పసుపు చీటీ అంటించి ఉంటుంది. మనుషులూ సామాన్లూ కలిపి ఎంత బరువు మోయవచ్చో అందులో రాసి ఉంటుంది. నిండు ట్యాంకు నీళ్ళ బరువెంతో కూడా అక్కడే ఉంటుంది. మా చీటీలో ఉన్నది 1,450 పౌండ్లు. నిండు ట్యాంకు 367 పౌండ్లు. మా ఇద్దరి బరువూ 310. అవి తీసేస్తే మిగిలేది 773 పౌండ్లు, అంటే 350 కిలోలు. బట్టలు, దుప్పట్లు, గిన్నెలు, బియ్యం, పప్పులు, పచ్చళ్ళు, పనిముట్లు, కుర్చీలు, గొట్టాలు, పుస్తకాలు, దేవుడి పటాలు అన్నీ అందులోనే. కొనేముందు అందరూ మంచం ఎంత వెడల్పు, టీవీ ఎంత పెద్దది అని చూస్తారు. ఈ చీటీ చూసేవాళ్ళు తక్కువ. రెండు బండ్లు ఒకే పొడవున్నా ఈ అంకెలో వందల పౌండ్ల తేడా ఉండొచ్చు. నన్నడిగితే బేరం మొదలుపెట్టేముందే చదవాల్సింది ఇది.

బాత్రూమ్ తూకం మీద ఒక్కొక్క అట్టపెట్టె పెట్టి బరువు రాసుకుంటూ ఎక్కించాను. ఇత్తడి బిందెలు, మా అత్తగారి రుబ్బురోలు పొత్రం, పింగాణీ జాడీలు అమ్మాయి ఇంటికి చేరాయి. ఆవకాయ మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాల్లోకి మారింది. స్టీలు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి ఇమిడేవే ఉంచాను. ప్రెషర్ కుక్కరు ఒకటి, ఇనప పెనం ఒకటి. పుస్తకాల దగ్గర మా ఇద్దరికీ వాదన జరిగింది. తలా ఒక అర అని ఒప్పందానికి వచ్చాం. బరువైనవి కిందా, మధ్యలోనూ ఉండాలి. పై అలమరల్లో బట్టలూ అప్పడాల్లాంటి తేలిక వస్తువులూ పెట్టాలి. బ్రేకు వేసినప్పుడు పైనుంచి పడేది పప్పు డబ్బా అయితే తల పగులుతుంది. ఫ్రిజ్ తలుపుకి ప్రయాణపు గొళ్ళెం వేశాకే బండి కదలాలి.

అంతా సర్దాక లారీలు ఆగే పెద్ద పెట్రోలు బంకులకి వెళ్ళి తూకం వేయించాలి. క్యాట్ స్కేల్ అని ఉంటుంది అక్కడ. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా చీటీ ఇస్తారు. ఖర్చు తక్కువ. ఆ చీటీ చూసి, నిండు నీళ్ళతో ప్రయాణం చెయ్యకూడదని నిర్ణయించుకున్నాం. దారికి సరిపడా పావు ట్యాంకు, చేరాక మిగతాది.

ఇక నడపడం, ఇందాక మళ్ళీ చెప్తానన్న సంగతి. మా వారు ముందు నేర్చుకున్నారు, నేను వెంటనే నేర్చుకున్నాను. ఆదివారం ఖాళీగా ఉండే ఒక పెద్ద పార్కింగు స్థలంలో ప్లాస్టిక్ శంకువులు నిలబెట్టి మలుపులు తిప్పాం. ఈ బండికి వెనక చక్రాల తరవాత కూడా చాలా పొడవుంటుంది. కుడికి తిప్పితే తోక ఎడమవైపుకి విసురుగా జరుగుతుంది. పెట్రోలు బంకులో పక్కనున్న స్తంభాన్ని తాకేది అదే. వెనక్కి నడిపేటప్పుడు ఒకళ్ళు దిగి అద్దంలో కనపడేచోట నిలబడాలి. వాళ్ళు కనపడకపోతే బండి ఆగిపోవాలి. ఇది మా ఇద్దరి మధ్యా నియమం. ఎత్తు ఇంకో సంగతి. ఏసీతో కలిపి మా బండి 11 అడుగుల 3 అంగుళాలు. ఆ అంకె డ్రైవరు ఎదురుగా పెద్దక్షరాలతో అంటించాం. నార్త్ కరోలినాలో డర్హమ్ అనే ఊళ్ళో ఒక రైలు వంతెన ఉంది. 11 అడుగుల 8 అంగుళాల ఎత్తున ఉండేది. దశాబ్దాలపాటు ఎన్నో లారీల, అద్దె ట్రక్కుల పైకప్పులు చీల్చేసింది. 2019లో దాన్ని 8 అంగుళాలు పైకి లేపారు. హెచ్చరిక బోర్డులూ దీపాలూ అక్కడ ముందునుంచీ ఉన్నాయి. తమ బండి ఎత్తెంతో తెలియనివాళ్ళకి బోర్డు చదివినా ఉపయోగం లేదు.

మొదటి రాత్రులు అమ్మినచోటికి దగ్గర్లోనే ఒక క్యాంపుగ్రౌండులో గడిపాం. అందరికీ ఇదే చెప్తాను. తాళాలు పుచ్చుకున్న రోజే వెయ్యి మైళ్ళ ప్రయాణం పెట్టుకోవద్దు. అక్కడ ఉండి అన్నం వండుకోండి, స్నానాలు చెయ్యండి, రాత్రి హీటరు వేసుకోండి, ట్యాంకులు వదలండి. పగలు బయటపడని లోపాలు రాత్రే బయటపడతాయి. మాకు తెల్లవారుజామున నీళ్ళ పంపు ఎవరూ కుళాయి విప్పకుండానే కాసేపటికోసారి మోగడం వినపడింది. ఎక్కడో నీరు కారుతోందని అర్థం. టాయిలెట్ వెనక అతుకు వదులుగా ఉంది. మర్నాడు పొద్దున వెనక్కి తీసుకెళ్తే మధ్యాహ్నానికల్లా బిగించి ఇచ్చారు. అరిజోనాలో ఉండగా తెలిసి ఉంటే ఎవరి దగ్గరికి వెళ్ళేవాళ్ళం?

ఇల్లు అమ్మేసి బండిలోకి మారేవాళ్ళు చూసుకోవాల్సిన కాగితాలు కొన్ని ఉన్నాయి. సెలవులకి వాడే బండి బీమా వేరు, అందులోనే కాపురముండేవాళ్ళ బీమా వేరు. దాపరికం లేకుండా చెప్పి రెండోదే తీసుకోవాలి. ఉత్తరాలకీ, లైసెన్సుకీ, పన్నులకీ ఒక చిరునామా కావాలి. ఇలా తిరిగేవాళ్ళు చాలామంది రాష్ట్ర ఆదాయపన్ను లేని సౌత్ డకోటా, టెక్సస్, ఫ్లోరిడాల్లో ఒకదాన్ని ఎంచుకుంటారు. 65 నిండినవాళ్ళకి ప్రభుత్వపు ఆరోగ్య బీమా అయిన మూల మెడికేర్ దేశమంతటా చెల్లుతుంది. దానికి బదులు ప్రైవేటు కంపెనీలు అమ్మే అడ్వాంటేజ్ ప్లాన్లలో చాలావాటికి ఊరి దగ్గరి డాక్టర్లతోనే ఒప్పందం ఉంటుంది. తిరిగేవాళ్ళకి ఈ తేడా చాలా పెద్దది. 62 నిండిన పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ జాతీయ పార్కుల సీనియర్ పాస్ 80 డాలర్లకి జీవితాంతం వస్తుంది. ఫెడరల్ క్యాంపుగ్రౌండుల్లో చాలాచోట్ల అద్దె సగానికి తగ్గుతుంది.

అందరూ ఇష్టంతోనే చక్రాల మీదికి వస్తారని నేననుకోవడం లేదు. ఇంటి అద్దెలు కట్టలేక వ్యాన్లలో బతుకుతూ, ఊరూరా కూలిపనులకి పోయే ముసలివాళ్ళ గురించి జెస్సికా బ్రూడర్ 2017లో 'నొమాడ్‌ల్యాండ్' అనే పుస్తకం రాశారు. అది సినిమాగా కూడా వచ్చింది. అలాంటివాళ్ళు మాకు క్యాంపుగ్రౌండుల్లో పక్కనే ఉంటారు. ట్యాంకులు వదలడంలో, బ్యాటరీ కాపాడుకోవడంలో మాకు ఎన్నో నేర్పింది వాళ్ళే.

చివరిగా ఒక మాట, ముఖ్యంగా నా వయసు ఆడవాళ్ళకి. క్యాంపుగ్రౌండుల్లో నేను చూసిన జంటల్లో ఎక్కువచోట్ల బండి నడిపేదీ, గొట్టాలు తగిలించేదీ, గ్యాసు కట్టేదీ మగవాళ్ళే. మీ ఆయనకి ఊరికి వంద మైళ్ళ దూరంలో గుండెనొప్పి వస్తే ఆ బండిని ఆసుపత్రి దాకా ఎవరు తీసుకెళ్తారు? కరెంటు తీగ ఊడదీసి, స్లయిడ్ లోపలికి లాగి, గొట్టాలు విప్పి, బండి కదిలించడం మీకు చీకట్లో కూడా రావాలి. వంట, మందుల పెట్టె, బట్టల అర ఎక్కడేముందో ఆయనకీ అలాగే తెలియాలి. డెలివరీ రోజున ఇద్దరూ వెళ్ళండి. వివరించే మనిషి ఆయన వైపే తిరిగి చెప్తుంటే ఆపి, మీ వైపు తిరిగి చెప్పమనండి. ప్రతి కవాటం మీ చేత్తో తిప్పండి. ఆ సాయంత్రం తాళాలు రెండు జతలు అడిగి తీసుకుని, ఒకటి మీ సంచిలో వేసుకోండి. ఇంటికి వచ్చే దారిలో సగం దూరం మీరే నడపండి.